పద్యంలో దాచిన ఇరవై అంకెలు

(జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా హనుమకొండలో విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలకు నా ఆశీస్సులు.

ఈరోజు ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను. ముందు దాన్ని బోర్డు మీద రాస్తాను, మీరు నోటుపుస్తకాల్లో ఎక్కించుకోండి.

18446744073709551615

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైచిలుకు. ఇరవై అంకెలు. ఈ సంఖ్యను నేను బడిలో నేర్చుకోలేదు. పరకాల దగ్గర మా పల్లెలో మా తాత మొక్కజొన్న కంకులు ఒలుస్తూ ఒక పద్యం పాడేవాడు. ఆరేళ్ల వయసులో నాకది పాటలాగే వినిపించింది. అందులో అంకెలున్నాయని తెలిసేసరికి నేను తొమ్మిదో తరగతికి వచ్చాను. ఆ పద్యం ఇలా మొదలవుతుంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన చెప్పిన పద్యంగా దీన్ని మన పెద్దలు తరతరాలుగా అప్పజెబుతూ వచ్చారు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని తెలుగులోకి తెచ్చిన కవి మల్లన. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్లలో మొత్తం ఎన్ని గింజలవుతాయి? జవాబే ఈ పద్యం.

జవాబును బయటికి తీద్దాం. ఇక్కడ ప్రతి మాటా ఒక అంకె. శరాలంటే మన్మథుడి బాణాలు, అవి అయిదు. శశి ఒక్కడే, ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు మళ్లీ ఒకటి. శర అయిదు. సాయకమన్నా బాణమే, అయిదు. రంధ్రాలు తొమ్మిది, మన ఒంటికున్న నవరంధ్రాలు. వియత్తు అంటే ఆకాశం, శూన్యం, సున్నా. నగం అంటే కొండ, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు. భూధరమన్నా కొండే, ఏడు. గగనం సున్నా. అబ్ధి అంటే సముద్రం, నాలుగు. వేదాలు నాలుగు. గిరి ఏడు. తర్కాలు ఆరు. పయోనిధి మళ్లీ సముద్రమే, నాలుగు. పద్మజుడంటే బ్రహ్మ, ఆయన ముఖాలు నాలుగు. కుంజరాలు దిక్కుల్ని మోసే ఏనుగులు, ఎనిమిది. తుహినాంశుడు చల్లని కిరణాలవాడు, చంద్రుడు, ఒకటి.

ఇప్పుడు వీటిని వరసగా రాయండి. 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. బోర్డు మీది సంఖ్యతో పోల్చండి. తలకిందులుగా ఉంది కదా? అంకెలు ఎడమవైపుగా నడుస్తాయన్నది పాత గణితకారుల నియమం. ఒకట్ల స్థానం ముందు చెబుతారు, చివరికి పెద్ద స్థానానికి వెళ్తారు. కుడి నుంచి ఎడమకు రాస్తే ఇరవై అంకెలూ సరిగ్గా కుదురుతాయి.

శర, సాయక రెండూ బాణాలే, రెండూ అయిదే. మరి కవి అదే మాటను రెండుసార్లు వాడకుండా ఎందుకు మార్చాడు? తెలుగు మాస్టారి పాఠం విన్నవాళ్లకు తెలుస్తుంది. ఇది చంపకమాల. పదకొండో అక్షరం దగ్గర యతి కలవాలి. పాదం ‘శ’తో మొదలైంది, పదకొండో అక్షరం ‘సా’. కలిసింది. పాదాల్లో రెండో అక్షరం చూడండి: శర, ధర, జర. అది ప్రాస. భూధరాన్ని, కుంజరాన్ని రెండు పాదాల మధ్య విరగ్గొట్టింది అందుకే. అంకె మారకుండా మాట మార్చుకునే వీలుంది కాబట్టే ఇరవై అంకెలు ఛందస్సులో ఒదిగాయి. యతి స్థానంలో, ప్రాస స్థానంలో ఎవరైనా మాట తప్పితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. ఇంత పెద్ద సంఖ్య కంఠస్థంగా బతికిందంటే ఆ కాపలా వల్లనే.

అయితే కాపలా లేని చోట్లు కూడా ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట ఈ పద్యాన్ని నేనొక అచ్చు ప్రతిలో చూశాను. అందులో ‘వియన్నగాగ్ని’ బదులు ‘వియన్నగాగ్ర’ అని ఉంది. చదువుకుంటూ పోతే ఏ తేడా తెలియదు. గణం చెడలేదు, ‘గ్ని’ లఘువే, ‘గ్ర’ లఘువే. అక్కడ యతి లేదు, ప్రాస లేదు. అర్థం కూడా ఏదో కొండ కొన అన్నట్టు వినిపిస్తుంది. కానీ అగ్ని పోయింది, అంటే ఒక మూడు రాలిపోయింది. ఇరవై అంకెలు పంతొమ్మిదయ్యాయి.

ఆ రాత్రి కూర్చుని పరీక్ష మొదలుపెట్టాను. అసలు జవాబు మూడుతో భాగింపబడాలని నాకు తెలుసు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. తప్పు పద్యంలోని అంకెలన్నీ కూడితే 84 వచ్చింది. మూడుతో పోతుంది. అయిదుతో పోవాలి, చివర అయిదు ఉంది కాబట్టి పోతుంది. రెండు పరీక్షలూ తప్పును వదిలేశాయి. మూడే రాలిపోయినప్పుడు మూడుతో భాగించి చూస్తే ఏం తెలుస్తుంది? అప్పుడు తొమ్మిదితో చూశాను. రెండును రెట్టింపు చేస్తూ తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్లీ 2, 4, 8... ఆరు అడుగులకు ఒకసారి తిరిగి వస్తాయి. అరవై నాలుగో అడుగులో శేషం 7. అందులోంచి ఒకటి తీస్తే 6. అంటే అసలు జవాబులో అంకెల మొత్తం తొమ్మిదితో భాగిస్తే ఆరు మిగలాలి. తప్పు ప్రతిలో 84కు మూడే మిగులుతోంది. అగ్నిని మళ్లీ తెచ్చి పెట్టాను. మొత్తం 87, శేషం ఆరు. చెవి పట్టుకోలేని తప్పును గణితం పట్టుకుంది. ఆ రాత్రి నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అందులోంచి ఒకటి తీస్తే అన్నాను. ఎందుకు తీయాలి? దీనికి సూత్రం అక్కర్లేదు, ఒక్క గింజ చాలు. గళ్ల నిండా గింజలు పోసి ఉన్నాయనుకోండి. పొరుగింటి నుంచి ఇంకొక గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో వేయండి. అక్కడ రెండయ్యాయి. ఆ రెండింటినీ రెండో గడిలోకి జరపండి, అక్కడ నాలుగయ్యాయి. వాటిని మూడో గడిలోకి జరపండి, ఎనిమిది. ఇలా గడి గడీ ఖాళీ చేసుకుంటూ పోతే చివరికి బల్ల మీద ఏమీ మిగలదు, బల్ల బయట అరవై అయిదో గడి ఉంటే అక్కడ 2⁶⁴ గింజలు చేరతాయి. అప్పు తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేస్తే మనవి 2⁶⁴ కన్నా ఒకటి తక్కువ.

ఎంత బియ్యం ఇది? మొన్న ఇంట్లో పది గ్రాముల దొడ్డు బియ్యం తూచి, నా మనవరాలు నేను కలిసి లెక్కపెట్టాం. అయిదు వందల గింజలకు కాస్త అటూ ఇటూ వచ్చాయి. కాబట్టి గ్రాముకు యాభై అనుకుందాం. మొదటి వరస ఎనిమిది గళ్లలో 255 గింజలు, అయిదు గ్రాములు, అరచేతిలో సగం కూడా నిండవు. రెండు వరసలకు 65,535 గింజలు, కిలోంపావు దాటి కొంచెం. నాలుగు వరసలకు, అంటే సగం బల్లకు, 429 కోట్ల పైచిలుకు గింజలు. సుమారు ఎనభై ఆరు టన్నులు. ఎనుమాముల మార్కెట్‌కు తొమ్మిది లారీల సరుకు, మధ్యాహ్నానికి దించేస్తారు. మిగిలిన సగం? మొత్తం బల్లకు దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచం మొత్తం ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నులకు కొంచెం పైన. 1323లో ఓరుగల్లు కోట ప్రతాపరుద్రుడి చేయి దాటిన నాటి నుంచి ఇప్పటి దాకా, ప్రతి ఏడూ ఇప్పటంత పంట పండి, ఒక్క మెతుకు ఎవరూ తినకుండా ఉంటే ఇంచుమించు ఆ రాశి తయారవుతుంది.

పెద్దదనం చూసి ఆశ్చర్యపోయి ఆగిపోవడం నాకు నచ్చదు. దాని లోపల ఏముందో చూడాలి. ఇప్పుడు ఆ పని చేద్దాం.

చదరంగం బల్లను మధ్యకు మడవండి. పై సగం ముప్పై రెండు గళ్లు, కింది సగం ముప్పై రెండు గళ్లు. పై సగంలోని ప్రతి గడికీ కింది సగంలో ఒక జోడు ఉంది. మొదటి గడికి ముప్పై మూడోది, రెండో గడికి ముప్పై నాలుగోది. కింది గడిలో గింజలు పై గడిలోని గింజలకు సరిగ్గా 2³² రెట్లు, ఎందుకంటే మధ్యలో ముప్పై రెండుసార్లు రెట్టింపయ్యాయి. కాబట్టి బల్ల మొత్తం అంటే పై సగాన్ని ఒకసారి, మళ్లీ దాన్నే 2³² సార్లు తీసుకోవడం. పై సగాన్ని 2³² + 1తో గుణించడమన్నమాట. ఒక కారణాంకం చేతికి వచ్చింది: 4,29,49,67,297.

మిగిలిన ముప్పై రెండు గళ్లను మళ్లీ మడవండి. అదే మాట: పదహారు గళ్ల మొత్తాన్ని 2¹⁶ + 1తో, అంటే 65,537తో గుణించాలి. మళ్లీ మడవండి, 257. మళ్లీ మడవండి, 17. మళ్లీ, 5. మళ్లీ, 3. ఆరు మడతలకు ఒక్క గడి మిగిలింది, అందులో ఒక్క గింజ. మూడుతో, అయిదుతో పోవాలని నాకు ముందే ఎలా తెలుసో ఇప్పుడు అర్థమైంది కదా!

మన సంఖ్య = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఈ వరసను ఇంకెక్కడైనా చూశారా? పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు తులూజ్ నగరంలో పియర్ ద ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. తీరిక వేళల్లో సంఖ్యలతో కాలక్షేపం చేసేవాడు. 1640 ప్రాంతంలో తన ఉత్తరాల్లో ఈ సంఖ్యల గురించే రాశాడు. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. తరువాత వచ్చేవి కూడా అన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఆయన నమ్మాడు, కానీ నిరూపించలేకపోయాడు. మన తాతలు పాడుకున్న బియ్యపు గింజల్లో ఫెర్మా సంఖ్యలు మొదటి ఆరూ గుణకారమై కూర్చున్నాయి. ఫెర్మాకు చదరంగం గింజలతో పని లేదు. మల్లనకు ప్రధాన సంఖ్యలతో పని లేదు. అయినా ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు.

మొదటి అయిదింటి గురించి ఒక మాట. వేయిస్తంభాల గుడి నక్షత్రాకారపు అరుగు చుట్టూ తిరిగినప్పుడల్లా, ఒక వృత్తాన్ని సమభాగాలుగా కోయడం గురించి నా మనసు ఆలోచిస్తుంది. వృత్తలేఖిని, కొలతలు లేని రూళ్లకర్ర, ఈ రెండింటితోనే ఎన్ని భుజాల క్రమ బహుభుజి గీయగలం? 1796లో ఇంకా పంతొమ్మిదేళ్లు నిండని జర్మనీ గణితవేత్త గాస్ పదిహేడు భుజాలది గీయవచ్చని చూపించాడు. బేసి భుజాలవైతే, ఫెర్మా ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటి ఒకేసారి వాడి గుణిస్తే వచ్చే సంఖ్యలకు మాత్రమే అది సాధ్యం. తెలిసిన అయిదింటినీ గుణిస్తే 4,29,49,67,295. సగం బల్ల మీది గింజలు! మనకు తెలిసినంతలో గీయగల అతి పెద్ద బేసి బహుభుజికి అన్ని భుజాలు ఉంటాయి.

ఇప్పుడు ఆరోది, 4294967297. దాదాపు తొంభై ఏళ్లు దీన్ని ఎవరూ కదిలించలేదు. 1732లో పాతికేళ్ల స్విట్జర్లాండ్ గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ దీన్ని విరగ్గొట్టాడు. గుడ్డిగా మూడు, ఏడు, పదకొండు అని భాగిస్తూ పోవాల్సిన అవసరం లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి శేషం ఇవ్వాల్సిందే. ఆ నియమానికి కారణం పెద్ద తరగతుల్లో చదువుకుంటారు. మళ్లీ 64 వచ్చిందని గమనించండి. అలాంటివి రాద్దాం: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. అయిదు భాగహారాలు. మొదటి నాలుగింటితో పోదు. అయిదోదానితో ఒకరు వచ్చి బోర్డు మీద చేసి చూపిస్తారా?

రా అమ్మా. సుద్దముక్క తీసుకో. అందరూ చూడండి. 4294లో 641 ఆరుసార్లు, 3846. మిగిలింది 448. తొమ్మిదిని దించు, 4489. ఏడుసార్లు, 4487. మిగిలింది రెండు. ఆరును దించు, 26, చాలదు, సున్నా వెయ్యి. ఏడును దించు, 267, చాలదు, మరో సున్నా. తొందరపడకు, చాలామంది ఇక్కడే ఒక సున్నా మరచిపోతారు. రెండును దించు, 2672. నాలుగుసార్లు, 2564. మిగిలింది 108. తొమ్మిది, 1089. ఒకసారి. మిగిలింది 448, ఇందాక కూడా ఇదే మిగిలింది చూశావా? చివరి ఏడును దించు, 4487. ఇందాక చూసిన సంఖ్యే, ఏడుసార్లు. శేషం సున్నా. భాగఫలం 6700417. భేష్! చప్పట్లు కొట్టండి.

భాగహారం చేసి పోతుందని చూశాం. ఎందుకు పోతుందో కూడా చూపిస్తాను, అది ఇంకా అందంగా ఉంటుంది. 641ని రెండు రకాలుగా చూడండి. ఒకటి, 640 + 1. 640 అంటే అయిదు నూట ఇరవై ఎనిమిదులు, 5 × 2⁷. రెండోది, 625 + 16, అంటే 5⁴ + 2⁴. ఈ రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది. ఇది 641కి గుణిజం. ఇందులో మొదటి ముక్క 5⁴ × 2²⁸ అంటే 640⁴ తప్ప మరొకటి కాదు. అటువైపు 640⁴ − 1 కూడా 641కి గుణిజమే, ఎందుకంటే 640² − 1 అంటే 639 × 641. ఒక గుణిజంలోంచి ఇంకొక గుణిజాన్ని తీసేయండి. 640⁴ పోతుంది, 2³² + 1 మిగులుతుంది. కాబట్టి అది కూడా 641కి గుణిజమే. భాగహారం చేయకుండానే తేలిపోయింది. ఇంటికి వెళ్లాక కాగితం మీద మీ చేత్తో ఒకసారి రాయండి. ఈ నాలుగు వరసల కోసమైనా గణితం చదవాలని నేను మనస్ఫూర్తిగా అంటాను.

మిగిలిన 6700417 ఇంక విరగదు. విరిగితే 2588లోపు ఒక ప్రధాన భాజకం ఉండాలి. అది కూడా 64తో భాగిస్తే ఒకటి మిగిలేదే కావాలి. అలాంటివి మొత్తం నలభైకి మించవు, ఒక సాయంత్రం పని. ఏదీ పోదు.

కాబట్టి మన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కటి ఒక్కసారే. భాజకం తయారు చేయాలంటే ఈ ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో చేయాలి. ప్రతిదానికీ రెండు దారులు, మొత్తం 2⁷, అంటే 128 భాజకాలు. వాటిని జంటలుగా కూర్చండి, ఒక్కో జంటను గుణిస్తే మన సంఖ్య రావాలి. ఎన్ని జంటలు? అరవై నాలుగు. చదరంగం బల్ల మీద గడికో జంట.

మీ చేతుల్లోని ఫోన్లలో, ఇంట్లోని కంప్యూటర్లలో ఈ సంఖ్య రోజూ పనిచేస్తూనే ఉంది. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే చోటు. అరవై నాలుగు బిట్ల గదిలో అన్నీ ఒకట్లే ఉంటే ఆ విలువ ఇదే, అందులో పట్టే పూర్ణ సంఖ్యల్లో అతి పెద్దది. కానీ ఫోనులో లెక్కల పట్టిక తెరిచి రెండును అరవై నాలుగుసార్లు గుణించమని అడగండి. 18446744073709600000 అని చూపిస్తుంది. పదిహేను అంకెల తరువాత సున్నాలు పెట్టేస్తుంది. మొక్కజొన్న ఒలుస్తూ మా తాత పాడిన పద్యంలో ఇరవయ్యో అంకె దాకా ఉంది.

ఫెర్మా సంఖ్యలు తరువాత ఏమయ్యాయని ఇందాక ఒక బాబు అడిగాడు. మొదటి అయిదింటిని దాటాక ఇంతవరకు ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. 2³² + 1ను అయిదో ఫెర్మా సంఖ్య అంటారు, ఎందుకంటే మొదటిదైన మూడును ‘సున్నావది’ అని లెక్క మొదలుపెడతారు. ఆ అయిదోదాని నుంచి ముప్పై రెండోదాని దాకా అన్నీ విరిగేవేనని తేలింది. ముప్పై మూడోది విరుగుతుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దానికి 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. మల్లన పద్ధతిలో పద్యానికి ఇరవై అంకెల చొప్పున చెబితే, దాదాపు పదమూడు కోట్ల పద్యాలు కావాలి.